విద్యార్థి రాయితీ, అప్‌గ్రేడ్ లైసెన్సు – ఒక పరిశీలన

కల్లములో మిరపకాయ యెండి, సంచులు గుంటూరు యార్డుకు చేరి, సొమ్ము చేతికి వచ్చిన పిమ్మటనే మన పల్లెలలో పెద్ద ఖర్చులు తీరుట ఆచారము. పత్తి తీతల డబ్బు ఎరువుల అప్పునకు పోగా, మిరప డబ్బుపై ఇంటిల్లిపాది ఆశలు పెట్టుకొందురు. పెండ్లి, ఇంటి మరమ్మతు, కళాశాల రుసుము – వీని సరసన నేడు మరియొక ఖర్చు వచ్చి చేరినది. అదియే పిల్లల చదువునకు కంప్యూటరు.

దుకాణమునకు పోయినప్పుడు మనము యంత్రము ధర అడుగుదుము. ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచును అని అడుగుదుము. ఆ యంత్రమును నడిపించు ఆపరేటింగ్ సిస్టమునకు లైసెన్సు కలదా, అది ఏ తరగతికి చెందినది, రేపు కొత్త కూర్పు వచ్చినచో దానికి మారు హక్కు మనకు ఉండునా అని అడుగువారు మిక్కిలి అరుదు. తీరా ఆ ప్రశ్న ఎదురైననాడు యంత్రము ఇంటిలో ఉండును. దుకాణదారు వీధిలో ఉండును. సొమ్ము ఎవరి చేతిలోను ఉండదు.

మేము ఎరిగిన ఒక విద్యార్థి పట్టణములోని ఒక దుకాణమున పాత ల్యాప్‌టాప్ కొనెను. విండోస్ ఉన్నదని చెప్పి దుకాణదారు అదనముగా కొంత సొమ్ము తీసికొనెను. కొన్ని మాసములు గడచిన తరువాత తెరపై ఒక మూలన యాక్టివేషన్ చేయవలెనను సూచన కనిపించినది. విచారింపగా, అతనికి ఇచ్చిన కీ ఏదో పెద్ద సంస్థ తన ఉద్యోగుల యంత్రముల కొరకు తీసికొన్నదని తేలినది. అతడు మోసము చేయలేదు, మోసపోయినాడు. అయినను రెండవసారి సొమ్ము చెల్లింపవలసినవాడు అతడే. ఈ అనుభవమే మమ్ములను ఈ విషయమును పరిశీలించుటకు పురికొల్పినది. విద్యార్థి సోదర సోదరీమణులకును, కళాశాల కమిటీ పెద్దలకును మేము తెలిసికొన్న సంగతులను ఇచట విన్నవించుచున్నాము.

కొనుట వేరు, అనుమతి పొందుట వేరు

మన జిల్లాలలో పుట్టినవారికి లైసెన్సు అను మాటను వివరించుట సులభము. పొలము పట్టా కలవాడు వేరు, కౌలుకు చేయువాడు వేరు. కౌలుదారు దున్నవచ్చును, విత్తవచ్చును, పంట తీసికొనవచ్చును. ఆ పొలమును అమ్మరాదు. యజమాని ఒప్పనిదే మరియొకరికి అప్పగింపరాదు. ఆపరేటింగ్ సిస్టము కొన్నామని మనము చెప్పుకొనునప్పుడు నిజమునకు మనము పొందునది ఇట్టి కౌలే. ప్రోగ్రాము దానిని వ్రాయించిన సంస్థది. వాడుకొను అనుమతి మాత్రమే మనది. ఆ అనుమతికి గల హద్దులను ఒప్పంద పత్రము నిర్ణయించును. తెరపై కనిపించు ఆ పత్రమును చదువకయే మనమందరము సమ్మతి తెలుపు బొత్తామును నొక్కుదుము.

ఈ హద్దుల వెనుక చట్టము కలదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో చేసిన సవరణచే కంప్యూటరు ప్రోగ్రాములు సాహిత్య కృతుల కోవలో చేర్చబడినవి. 1994 సవరణచే 63-బి అను సెక్షను చేరినది. దొంగ ప్రతి యని తెలిసియు దానిని కంప్యూటరుపై వాడినవానికి 7 దినములకు తగ్గకుండ 3 సంవత్సరముల వరకు జైలు శిక్షయు, 50,000 రూపాయల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు ఆ సెక్షను నిర్ణయించినది. లాభము కొరకు గాని, వ్యాపారములో గాని వాడియుండనిచో, న్యాయస్థానము కారణములు వ్రాసి, జైలు శిక్ష లేకుండ 50,000 రూపాయలకు మించని జరిమానాతో విడువవచ్చును. సక్రమముగా ప్రతి కలవానికి అదే చట్టము రక్షణయు ఇచ్చినది. ప్రతి చెడిపోవునేమో యను భయమున ఒక నకలు తీసి దాచుకొనుటకు 52వ సెక్షను అనుమతించుచున్నది. ఆ నకలును స్నేహితునకు ఇచ్చుటకు మాత్రము అనుమతి లేదు.

మూడు విధములైన లైసెన్సులు

విండోస్ లైసెన్సులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది యంత్రముతో వచ్చునది, దీనిని ఓ.ఇ.ఎం. లైసెన్సు అందురు. ఇది ఆ యంత్రమునకే కట్టుబడి ఉండును. బావి పొలముతో పోవునే గాని బావిని పెకలించి వేరొక పొలమునకు తీసికొని పోజాలము కదా! ఇదియు అట్టిదే. యంత్రపు మదర్‌బోర్డు పూర్తిగా చెడినచో లైసెన్సు కూడ దానితోనే ముగియును. ధర తక్కువగుటకు కారణము ఈ హద్దే.

రెండవది చిల్లరగా విడిగా కొనునది. దీని ధర ఎక్కువ. కాని పాత యంత్రము నుండి తొలగించి కొత్త యంత్రమునకు మార్చుకొను వీలు దీనికి కలదు. ఒకేసారి రెండు యంత్రములపై వాడుటకు వీలులేదు.

మూడవది వాల్యూమ్ లైసెన్సు. సంస్థలు, కళాశాలలు అనేక యంత్రముల కొరకు ఒకే ఒప్పందముపై తీసికొనునది. మనము చెప్పిన విద్యార్థికి దుకాణదారు అంటగట్టినది ఈ జాతి కీయే. ఇంటర్నెట్టులో కొన్ని వందల రూపాయలకే లభించు కీలలో అనేకము ఇట్టివియే. అవి మొదట పనిచేయవచ్చును. సంస్థ దుర్వినియోగమును గుర్తించి ఆ కీని రద్దు చేసిననాడు నిలిచిపోవును. కీ పనిచేయుట, అనుమతి ఉండుట రెండును ఒకటి కావని గ్రహింపవలెను.

తన యంత్రమున ఉన్నది ఏ జాతి లైసెన్సో తెలిసికొనుట ఎవరికైనను సాధ్యమే. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి, ఎస్, ఎల్, ఎం, జి, ఆర్ అను అక్షరములను వరుసగా కొట్టి, ఒక ఖాళీ విడిచి, కుడివైపునకు వాలిన గీతను, దాని వెంట డి, ఎల్, ఐ అను అక్షరములను కొట్టినచో ఒక చిన్న గడి వచ్చును. అందు ఓ.ఇ.ఎం., రిటైల్, వాల్యూమ్ అను మాటలలో ఒకటి కనిపించును. పాత ల్యాప్‌టాప్ కొనునప్పుడు సొమ్ము చేతులు మారుటకు ముందే ఈ పరీక్ష చేయించుకొనుట మేలు. ఇంటి వాడుక కొరకు అమ్ముచున్న యంత్రమున వాల్యూమ్ అను మాట కనిపించినచో ఆ బేరము నుండి వెనుకకు తగ్గవలెను.

అప్‌గ్రేడ్ అనగా పై అంతస్తు

అప్‌గ్రేడ్ లైసెన్సు తక్కువ ధరకు వచ్చును. ఏల? పై అంతస్తు వేయువాడు పునాదికి మరల ఖర్చు పెట్టనక్కరలేదు గనుక. కాని క్రింది అంతస్తు ఉండి తీరవలెను. పాత కూర్పునకు సక్రమమైన లైసెన్సు లేనివాడు అప్‌గ్రేడ్ కొన్నను ఆ కొనుగోలు చెల్లదు. అంతియే కాదు, అప్‌గ్రేడ్ చేసిన పిమ్మట పాత లైసెన్సును తమ్మునికి ఇచ్చుటకు వీలులేదు. పాతది కొత్తదానిలో కలిసిపోయి, రెండును కలిసి ఒకే అనుమతి యగును. పై అంతస్తు మనము ఉంచుకొని క్రింది అంతస్తు అమ్మజాలము కదా!

ఈ నియమము తెలియక ఇబ్బంది పడినవారు అమెరికా విద్యార్థులలోను కలరు. 2009 అక్టోబరు 22న విండోస్ 7 వెలువడినప్పుడు అమెరికాలోని విద్యార్థులకు 29.99 డాలర్లకు, బ్రిటనులో 30 పౌండ్లకు దానిని ఇచ్చిరి. అది ఎంతయో తక్కువ ధర. కాని అది అప్‌గ్రేడ్ మాత్రమే. సక్రమమైన ఎక్స్‌పీ గాని, విస్టా గాని ముందే ఉండవలెను. 32 బిట్ల విస్టా కలవారు కొందరు 64 బిట్ల విండోస్ 7ను కొని, దిగుమతి చేసికొన్న ఫైలు తమ యంత్రమున పనిచేయక చిక్కుబడిరి. ధర పలకలో కనిపించినది రాయితీ. క్రింద చిన్న అక్షరములలో ఉన్నది షరతు.

మన దేశమునకును ఇట్టి అవకాశము వచ్చినది. 2012 అక్టోబరు 26న విండోస్ 8 వెలువడినప్పుడు 2013 జనవరి 31 వరకు దాని ప్రో కూర్పునకు అప్‌గ్రేడ్ 1,999 రూపాయలకే ఇంటర్నెట్టు ద్వారా ఇచ్చిరి. 2012 జూన్ 2 తరువాత విండోస్ 7తో కొత్త యంత్రము కొన్నవారికి అది 699 రూపాయలు మాత్రమే. గడువు దాటిన మరునాడు అమెరికాలో ఆ ధర 39.99 డాలర్ల నుండి 199.99 డాలర్లకు ఎగసినది. యార్డులో ధర నేడున్నట్లు రేపుండదని మిరప రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. ఇదియు అట్టి సంతయే.

తరువాత 2015 జూలై 29న విండోస్ 10 వచ్చినది. విండోస్ 7, 8.1 కలవారికి ఒక సంవత్సరము పాటు అప్‌గ్రేడ్ ఉచితమని ప్రకటించిరి. ఇచట ఒక అపోహ వ్యాపించినది. దొంగ ప్రతి కలవారికి కూడ అసలు ప్రతి ఉచితముగా వచ్చునని అనేకులు తలచిరి. దొంగ ప్రతిపై అప్‌గ్రేడ్ చేసినను అది దొంగ ప్రతిగానే నిలుచునని సంస్థ ఆనాడే స్పష్టము చేసినది. పునాది లేని గోడకు సున్నము వేసినంత మాత్రమున పునాది రాదు.

విద్యార్థి రాయితీల తీరు

విద్యార్థికి తక్కువ ధరకు ఇచ్చుటలో దయ కొంత, వ్యాపార దృష్టి కొంత కలదు. చదువునాడు చేతికి అలవడిన పనిముట్టునే ఉద్యోగమునాడు కోరుట మానవ స్వభావము. ఇందు తప్పు లేదు. తెలిసి స్వీకరించుట మంచిది. రాయితీలు ఎట్టివో చూచినచో వాని వెంట నడచు హద్దులును తెలియగలవు.

మొదటి తీరు కుదించిన కూర్పు. 2005లో మన దేశమున హిందీలో విండోస్ ఎక్స్‌పీ స్టార్టర్ అను చౌక కూర్పు వచ్చినది. అందు ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరచుటకు వీలులేదు. 2007 ఏప్రిలులో ఈ స్టార్టర్ కూర్పును, ఆఫీసు ప్రోగ్రాములను కలిపి విద్యార్థికి 3 డాలర్ల చొప్పున ఇచ్చు పథకమును ప్రకటించిరి. అది విద్యార్థులకు కంప్యూటర్లు కొని ఇచ్చు ప్రభుత్వముల కొరకే గాని, దుకాణమునకు పోయిన విద్యార్థి కొరకు కాదు. 2021లో పాఠశాలల కొరకు విండోస్ 11 ఎస్.ఇ. అను కూర్పు వచ్చినది. దానికి 2026 అక్టోబరుతో మద్దతు ముగియునని సంస్థయే ప్రకటించినది. విద్యార్థుల కొరకు ప్రత్యేకముగా చేసిన వస్తువు అందరి వస్తువు కంటె ముందుగా ఆగిపోవచ్చునని దీనివలన తెలియుచున్నది.

రెండవ తీరు ప్రయోజనమునకు హద్దు విధించుట. 2008లో డ్రీమ్‌స్పార్క్ అను పేరుతో ప్రోగ్రాములు వ్రాయు పనిముట్లను విద్యార్థులకు ఉచితముగా ఇచ్చిరి. 2016లో ఇమాజిన్ అనియు, 2019లో అజూర్ డెవ్ టూల్స్ ఫర్ టీచింగ్ అనియు దాని పేరు, రూపము మారినవి. చదువు, బోధన, పరిశోధనల కొరకే వానిని వాడవలెను. సెలవులలో పిన్నిగారి కోల్డ్ స్టోరేజి లెక్కలు వ్రాసిపెట్టి సొమ్ము తీసికొనుటకు అవి పనికిరావు. వాణిజ్య విద్యార్థులకు దీనికంటె దగ్గరి ఉదాహరణ టాలీ. నేర్చుకొనుటకు టాలీని ఉచితముగా ఇత్తురు; కాని ఆ విద్యా కూర్పులో మాసము మొదటి రెండు తేదీలు, చివరి తేదీ తప్ప తక్కిన తేదీలతో పద్దు వ్రాయుటకు వీలులేదు. నేర్చుకొనుటకు చాలును, దుకాణము నడుపుటకు చాలదు. షరతు అనునది ఎట్లుండునో ఇంతకంటె స్పష్టముగా చూపునది లేదు.

మూడవ తీరు సంస్థ ద్వారా వచ్చు రాయితీ. విండోస్ ఎడ్యుకేషన్ అను కూర్పు విద్యాసంస్థల ఒప్పందముల ద్వారా వచ్చునది. ఇచట కమిటీవారు గమనింపవలసిన ముఖ్య నియమము ఒకటి కలదు.

కళాశాల లెక్క

వాల్యూమ్ ఒప్పందముపై వచ్చు విండోస్ కూడ అప్‌గ్రేడే. దాని క్రింద ప్రతి యంత్రమునకు ఒక మూల లైసెన్సు ఉండవలెను. మామూలు వ్యాపార సంస్థలకు హోమ్ కూర్పు మూలముగా చెల్లదు. ప్రో కూర్పు కావలెను. విద్యాసంస్థలకు మాత్రము హోమ్ కూర్పు కూడ మూలముగా చెల్లును. ఇది విద్యాసంస్థలకు గల నిజమైన మేలు.

ఇప్పుడు ఒక సామాన్యమైన పొరపాటును చూతము. టెండర్లు పిలిచినప్పుడు, విండోస్ లేని యంత్రములు – వీనిని వాడుకలో డాస్ యంత్రములు అందురు – కొన్ని వేల రూపాయలు తక్కువకు వచ్చును. తక్కువ ధరను చూచి వానిని కొని, తరువాత విద్యాసంస్థల ఒప్పందముపై విండోస్ వేయుదమని తలచుట సహజము. కాని క్రింది అంతస్తు లేని చోట పై అంతస్తు వేసినట్లగును. బిల్లులన్నియు సక్రమముగా ఉన్నను, లైసెన్సు సక్రమము కాదు. ప్రయోగశాలలో 40 యంత్రములున్నచో 40 మూల లైసెన్సులు చూపవలసియుండును. కావున, విండోస్ వాడదలచినచో హోమ్ కూర్పుతో వచ్చు యంత్రములు కొనుట, వాడదలపనిచో డాస్ యంత్రములు కొని లైనక్స్ వేయుట – ఈ రెండే తిన్నని మార్గములు. ఒక మార్గమున బయలుదేరి రెండవదానికి మారువారు రెండు చోట్లను చెల్లింతురు.

విద్యార్థులకును ఒక మాట. కళాశాల ప్రయోగశాలకు లైసెన్సు ఉన్నంత మాత్రమున మన సొంత యంత్రమునకు ఉన్నట్లు కాదు. ఒప్పందములో విద్యార్థుల యంత్రములను స్పష్టముగా చేర్చిననే ఆ హక్కు వచ్చును. ప్రయోగశాల కీని వ్రాసికొని పోయి వసతిగృహములో వాడుట మిత్రత్వము కాదు. కళాశాలను చిక్కులలో పెట్టుట.

ఈ విషయము నేడు తొందరపెట్టుటకు కారణము విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు మద్దతు ముగిసినది. యంత్రము ఆగిపోలేదు, కాని కొత్తగా బయటపడు లోపములకు రక్షణ సవరణలు ఆ తేదీతో నిలిచినవి. విండోస్ 11కు మారుటకు అప్‌గ్రేడ్ ఉచితమే. కాని యంత్రమునకు టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిలువ, ఇంటెల్ అయినచో సుమారుగా 8వ తరము లేక ఆ తరువాతి ప్రాసెసరు ఉండవలెను. ఆ తరము 2017లో వచ్చినది. అంతకు పూర్వపు యంత్రములు బాగుగా నడచుచున్నను వాకిటనే ఆగిపోవును. లైసెన్సు ఉచితమైనను యంత్రము కొత్తది కొనవలెను.

సంస్థలకు మరికొంత కాలము రక్షణ సవరణలు ఇచ్చుటకు ఒక పథకము ప్రకటించిరి. అందు వ్యాపార సంస్థలకు మొదటి సంవత్సరము యంత్రమునకు 61 డాలర్లు. ప్రతి సంవత్సరము అది రెట్టింపగును. విద్యాసంస్థలకు మొదటి సంవత్సరము 1 డాలరు, రెండవ సంవత్సరము 2 డాలర్లు, మూడవ సంవత్సరము 4 డాలర్లు. అనగా 40 యంత్రములకు మూడు సంవత్సరములకు కలిపి 280 డాలర్లు. ఒక వ్యాపార సంస్థ 40 యంత్రములకు మొదటి సంవత్సరమే 2,440 డాలర్లు చెల్లింపవలెను. వ్యక్తులకు 30 డాలర్లకు గాని, తమ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాతో జోడించినచో ఉచితముగా గాని 2026 అక్టోబరు 13 వరకు ఈ రక్షణ ఇత్తుమనిరి.

విద్యాసంస్థల రాయితీలలో ఇది మిక్కిలి ఉదారమైనది. అయినను దీని స్వభావమును గుర్తింపవలెను. ఈ 280 డాలర్లు కొనిపెట్టునది యంత్రమును కాదు, కొత్త కూర్పును కాదు, కాలమును. అప్పునకు గడువు పొడిగించినట్టిది. గడువును ఆలోచించుటకు వాడినవాడు బాగుపడును. మరచుటకు వాడినవాడు గడువు నాడు మరల అదే చోట నిలుచును.

విత్తనము నేర్పిన పాఠము

వస్తువు మనచేత, హక్కు మరియొకరిచేత ఉండుట మన రైతులకు కొత్త కాదు. 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చిన తరువాత, 450 గ్రాముల విత్తన సంచి ధర 1,600 రూపాయలు దాటినది. అందు పెద్ద భాగము విత్తనమునకు కాదు; అందులోని జన్యు లక్షణమును వాడుకొను అనుమతికి. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎం.ఆర్.టి.పి. కమీషనును ఆశ్రయించినది, ఆ పంటకాలమునకు ధర 750 రూపాయలకు దిగినది. మన గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి రైతు ఆ తేడాను తన చేతులతో లెక్కించినాడు. అనుమతికి చెల్లించు ధర ప్రకృతి నియమము కాదనియు, అడిగినచో మారుననియు ఆ ఉదంతము తెలుపుచున్నది.

ప్రోగ్రాముల లోకమున వేరొక విత్తనమును కూడ కొందరు వెదజల్లినారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లైనక్స్ కెర్నెలును వ్రాసి లోకమున కిచ్చెను. వీని లైసెన్సు కూడ లైసెన్సే. కాని అది వాడుటకు, పరిశీలించుటకు, మార్చుటకు, పంచుటకు నాలుగు స్వేచ్ఛలను ఇచ్చును. విద్యార్థి అని ఋజువు చూపనక్కరలేదు. కొత్త కూర్పునకు మారుటకు పాతదాని రసీదు అడుగరు. చదువు ముగిసిననాడు హక్కు ముగియదు.

ఈ ఉద్యమమును ఆంగ్లములో పిలుచు మాటకు ఉచితము, స్వేచ్ఛ అను రెండు అర్థములు వచ్చుటచే ఆంగ్లేయులు నేటికిని వివరణ చెప్పుకొనుచుందురు. మన కళాశాలలోని రెండు భాషలకును ఆ చిక్కు లేదు. తెలుగున ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. ఉర్దూలో ముఫ్త్ వేరు, ఆజాద్ వేరు. 2015 నాటి విండోస్ 10 అప్‌గ్రేడ్ ముఫ్త్, లైనక్స్ ఆజాద్. ఈ భేదము మన భాషలలోనే ఉన్నది గాన మనకు త్వరగా బోధపడవలెను.

తెలుగువారు ఈ మార్గమున వెనుకబడలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ అను పేరుతో మొదలైన సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమును వెలువరించి, స్వేచ్ఛ అను పేరును ధరించినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన అను అక్షరములు ఎల్లరకును లభించుచున్నవి. ఉర్దూ నస్తలీక్ లిపికి నోటో నస్తలీక్ అక్షరములు అట్లే లభించును. కేంద్ర ప్రభుత్వ సంస్థయైన సీ-డాక్ బాస్ అను సిస్టమును 2007లో విడుదల చేసినది. పొరుగున కేరళ పాఠశాలలలో ఐ.టి. విద్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పైననే నడచుచున్నది. తమిళనాడు 2011లో ప్రారంభించిన విద్యార్థి ల్యాప్‌టాప్ పథకమున విండోస్, బాస్ రెండును ఒకే యంత్రమున ఇచ్చినది.

నిజము దాచరాదు. లైనక్స్ అన్ని పనులకు సరిపోదు. టాలీ విండోస్ కొరకు వ్రాయబడినది. ఉర్దూ అచ్చు పనికి 1994 నుండి ప్రసిద్ధమైన ఇన్‌పేజ్ కూడ అట్టిదే. బి.కాం. విద్యార్థిని టాలీ లేని ప్రయోగశాలలో కూర్చుండబెట్టి స్వేచ్ఛను గూర్చి ఉపన్యసించుట న్యాయము కాదు. అట్లే, వ్యాసములు వ్రాయుటకు, ఇంటర్నెట్టు చూచుటకు, సి, పైథాన్ భాషలు నేర్చుకొనుటకు మాత్రమే వాడు యంత్రములకు కూడ విండోస్ లైసెన్సుల ఖర్చు పెట్టుటయు న్యాయము కాదు. పొలము చూచి పైరు వేయవలెను.

కమిటీ పెద్దలకు మనవి

మా పరిశీలనను నాలుగు సూచనలుగా ముగించుచున్నాము. మొదటిది, కళాశాలలోని ప్రతి యంత్రమునకు ఒక పుటగా ఒక దస్త్రము తెరువవలెను. కొన్న సంవత్సరము, ప్రాసెసరు తరము, మూల లైసెన్సు జాతి, బిల్లు సంఖ్య అందు వ్రాయవలెను. ఈ పనిని కంప్యూటరు విభాగపు విద్యార్థులమే ఆదివారములలో చేయగలము.

రెండవది, యంత్రములను మూడు వర్గములుగా విభజింపవలెను. విండోస్ 11కు తగినవానిని వెంటనే మార్చవలెను. తగకున్నను టాలీ, ఇన్‌పేజ్ కొరకు కావలసినవానికి విద్యాసంస్థల ధరపై రక్షణ సవరణలు తీసికొనవలెను. తక్కినవానిపై లైనక్స్ వేయవలెను.

మూడవది, ఇకముందు కొనుగోలు టెండరులో యంత్రమునకు ఏ లైసెన్సు కావలెనో ఒక వాక్యముగా వ్రాయవలెను. ఆ ఒక్క వాక్యము లేకపోవుటచే తరువాత పుటలకొద్ది ఉత్తర ప్రత్యుత్తరములు నడచును.

నాలుగవది, ప్రవేశ దినమున కొత్త విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఒక గంట సమయము కేటాయించి, కంప్యూటరు కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను తెలుగు, ఉర్దూ భాషలలో చెప్పింపవలెను. ఆ ప్రశ్నలు నాలుగే: ఈ లైసెన్సు ఎవరికి? ఏ యంత్రమునకు? ఎంత కాలమునకు? దీనికి ముందు ఏది ఉండవలెను? ఈ నాలిగింటికి జవాబు చెప్పలేని రాయితీ ఎంత చౌకయైనను దానిని తీసికొనరాదు.

మిరప రైతు యార్డులో సంచి విప్పి, పిడికెడు కాయ చేత పట్టి, రంగు చూచి, తొడిమ చూచి, తేమ చూచి బేరమునకు ఒప్పుకొనును. ఆయన చమటతో కొనిపెట్టిన కంప్యూటరు విషయమున మనము ఒప్పంద పత్రమును చదువకుండ బొత్తాము నొక్కుట ఆ శ్రమకు తగిన పని కాదు. రానున్న విద్యా సంవత్సరమునకైనను మన కళాశాలలో దొంగ ప్రతి లేని ప్రయోగశాలను, మోసపోవని విద్యార్థిని చూడగలమని ఆశించుచున్నాము.